దండెం మీది ముడులు

మేడమీది వంటిల్లు, కిటికీ పక్క బల్ల

పిట్టకి,

మీ అన్నయ్య నిన్న క్షేమంగా చేరారు. నువ్వు కట్టిచ్చిన పొట్లాలన్నీ బస్సులోనే ఖాళీ చేసి, ఇంటికొచ్చాక "చెల్లెలు చిక్కిపోయింది, లాండ్రీ అంతా ఒంటిచేత్తో లాగుతోంది" అని నా దగ్గర బాధపడ్డారు. నీ దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆయన మాత్రం కాస్త ఒళ్ళు చేశారు. తల తిరగడం ఒక్కటీ తగ్గలేదు. ఇవాళ నా పుస్తకానికి అట్టబొమ్మ వేస్తూ వేస్తూ కుంచె కింద పెట్టి గోడ పట్టుకున్నారు. వద్దంటున్నా వినకుండా డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం ఒకటి మెడ దగ్గర సన్నబడిందట. ఇంకా పరీక్షలున్నాయి. ఆపరేషనో మందులో ఆ తర్వాత తేలుస్తారట. నీ దగ్గర దాచలేక రాస్తున్నాను. అలా అని నువ్వు ఇస్త్రీ బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తూ కూర్చోకు, ఎవరి చొక్కానో కాలిపోతుంది.

ఇక నా గోడు విను. మా పబ్లిషరుకి ఈసారి మంత్రగత్తె కావాలట. "జనం ఇష్టంగా చదువుతున్నారమ్మా, ఒక మంత్రగత్తెని పడెయ్యండి" అన్నాడు, కూరలో ఉప్పు పడెయ్యమన్నంత తేలిగ్గా. నా నవలల సంగతి నీకు తెలియనిది కాదు. రిటైరైన నర్సమ్మ ఒకావిడ టీ తాగుతూ, వీధిలో జరిగిన హత్య గుట్టు విప్పుతుంది. రక్తం చెంచాడు మించి ఒలకదు. ఆ వీధిలో మంత్రగత్తెని ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు తోచడం లేదు.

మన పాత పద్ధతి ప్రకారం నువ్వు సంగతులు పంపు, నేను కథ చేసుకుంటాను. ఏది జరిగిందో ఏది కల్పించావో నువ్వు చెప్పొద్దు, నేను అడగను. నిజమని తెలిస్తే నాకు జాలి పుడుతుంది, జాలి పుడితే కలం కదలదు.

మీ వదిన

లాండ్రీ వెనక వరండా

వదినకి,

అన్నయ్య సంగతి చదివి ఏడవొద్దన్నావు కాబట్టి కాసేపే ఏడ్చాను. పరీక్షల్లో ఏం తేలిందో ఆ పూటే రాయి. నేను ఇక్కడ కాలుకాలిన పిల్లిలా తిరుగుతూ ఉంటాను.

మంత్రగత్తె కావాలంటే నువ్వు ఎక్కడో వెతకక్కర్లేదు. మా వెనక గోడకి అవతల ఉంది. వీధంతా ఆవిడని ముడులమ్మ అంటుంది. పొడుగు మనిషి, మగవాళ్ళ బూట్లు వేసుకుంటుంది, జేబులో ఎప్పుడూ దారపుండ ఉంటుంది. పులిపిరి రాలాలన్నా, పసిపిల్ల నిద్రపోవాలన్నా, జ్వరం దిగాలన్నా అందరూ ఆవిడ పెరటి తలుపు తడతారు. ఏదో గొణుక్కుంటూ దారానికి ముడి వేసి ఇస్తుంది. అదే జనం ఆవిడ వీధిలో ఎదురైతే అవతలి వైపుకి దాటిపోతారు. మా అత్తగారు ఆవిడ ఇచ్చిన దారం మోకాలికి కట్టుకునే ఆవిడని తిడుతుంది.

అన్నయ్య ఇక్కడ ఉన్నప్పుడు వరండాలో కూర్చుని ఆవిడ బొమ్మ వేశాడు, నీకు చెప్పాడో లేదో. ఆవిడ గోడ మీంచి చూసి, చుట్టూ తిరిగి వచ్చి మా బెంచీ మీద కూర్చుంది. "దొంగచాటుగా సగం సగం వెయ్యకు, తిన్నగా చూసి పూర్తిగా వెయ్యి" అంది. మందపాటి కళ్ళద్దాలు, చిల్లు కుట్టిన మోచేయి, ఉబ్బిన వేలి కణుపులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వేశాడు. ఆవిడ చాలాసేపు చూసి, "నా ముక్కు నా ముక్కులాగే ఉంది" అని లేచిపోయింది. అంతకంటే పెద్ద మెప్పు ఆ నోట ఎవరూ వినలేదని మా అత్తగారు చెప్పింది.

ఇక సంగతి. అన్నయ్య బస్సెక్కిన మర్నాడు, పెరట్లో దండెం మీద ఆరేసిన బట్టల్లో ఒక జాకెట్టు చేతులు రెండూ ముడిపడి ఉన్నాయి. గాలికి చుట్టుకోవడం కాదు, చేతికొక ముడి, కావాలని వేసినట్టు. అది పాటల టీచరమ్మది. తీసుకోవడానికి వచ్చి, చూసి నవ్వింది. "ఎవరో నా చేతులు కట్టేశారే, హార్మోనియం వాయిస్తే వినలేకపోతున్నారేమో" అంటూ అక్కడే విప్పుకుని వేసుకుంది.

మొన్న ఆవిడ క్లాసులో పాట మధ్యలో ఆగిపోయింది. కుర్చీలోనే పోయింది. పిల్లలు ఆవిడ తర్వాతి చరణం గుర్తుతెచ్చుకుంటోందనుకుని కాసేపు అలాగే కూర్చున్నారట.

పిట్ట

మేడమీది వంటిల్లు

పిట్టకి,

బంగారుతల్లీ, నీ చేతికి కడియం చేయించాలి. జాకెట్టు చేతులకి ముడులు! పిల్లలు చరణం కోసం ఎదురుచూడడం దగ్గర నా ఒళ్ళు గగుర్పొడిచింది. అది నీ కల్పనే అయి ఉండాలి, నిజం అంత బాగా రాదు. అడగడం లేదులే, ఒప్పందం గుర్తుంది.

మా నర్సమ్మ మొదట అడిగే ప్రశ్న ఏమిటంటే, పెరట్లోకి ఎవరు రాగలరు? నువ్వే రాశావు, వెనక గోడకి అవతలే ఆ ముడులమ్మ ఉందని. పొడుగు మనిషి. గోడ మీంచి చేయి చాపితే దండెం అందుతుంది. చూశావా, టీ చల్లారకముందే తేల్చేశాను. ముడి చూపించి భయపెడుతుంది, భయంతో గుండె ఆగుతుంది. విషం అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. పబ్లిషరు ఎగిరి గంతేశాడు. అట్ట మీద వంకర ముక్కు, పొడుగు గోళ్ళు కావాలన్నాడు. మీ అన్నయ్య అది విని, "ముక్కు వంకరగా లేదు, నేను చూశాను" అని మొహం తిప్పుకున్నారు. ఆయన మొండితనం నీకు తెలిసిందే.

పరీక్షలు ఇంకా అవుతున్నాయి. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకుంటున్నారు. ఎగతాళి చేస్తున్నట్టు పట్టుకుంటారు, నేనూ ఎగతాళిలాగే తీసుకుంటాను.

ఇంకో ముడి పంపు.

మీ వదిన

ఇస్త్రీ బల్ల దగ్గర

వదినకి,

ఇంకో ముడి పడింది. ఈసారి తాళాలు బాగుచేసే అతని ఖాకీ చొక్కా. ఎన్నాళ్ళైనా బట్టలు తీసుకెళ్ళని మనిషి అతను. ముడులు ముట్టుకోవడానికి నాకు చేయి రాలేదు. అలాగే కొక్కేనికి తగిలించి ఉంచాను.

మా అత్తగారు ఊరుకుంటుందా? దొంగని పట్టుకుంటానని పెరడంతా బూడిద చల్లింది, అడుగుజాడలు పడతాయని. పొద్దున్నే చూస్తే ఒకే మనిషి అడుగులున్నాయి, దండెం దాకా వెళ్ళి వెనక్కి వచ్చినవి. ఆవిడ విజయగర్వంతో వీధివాళ్ళందర్నీ పిలిచింది. చివరికి అవి మా ఇంట్లో చెప్పులే. "నువ్వే తిరిగి ఉంటావే, కంగారులో" అని నా మీద పెట్టింది. నేను తిరిగినట్టు గుర్తులేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ముడుల సంగతికి మాత్రం వీధి నవ్వడం లేదు. టీచరమ్మ పోయిన దగ్గర్నుంచి ముడులమ్మ తలుపు ఎవరూ తట్టడం లేదు. రొట్టెల కొట్టువాడు ఆవిడని చూసి సరుకు అయిపోయిందన్నాడు, అరల నిండా రొట్టెలు పెట్టుకుని. ఎవరో ఆవిడ కిటికీ అద్దం పగలగొట్టారు. నిప్పు లేనిదే పొగ రాదని మా అత్తగారు, ఆవిడ ఇచ్చిన దారం మోకాలికి అలాగే ఉంచుకుని.

ఆవిడ మా కౌంటరు దగ్గరికి దుప్పటి ఇవ్వడానికి వచ్చింది. నీ నవల సంగతి చెప్పాను, తప్పయితే క్షమించు. "మీ వదిన నన్ను ఏం చేస్తుంది?" అంది. హంతకురాల్ని చేస్తోందని చెప్పడానికి నోరు రాలేదు. నా మొహం చూసే తెలుసుకుంది. "అందరూ చేసేదే. కొత్తగా ఏం రాస్తుంది?" అని చీటీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

పిట్ట

మేడమీది వంటిల్లు

పిట్టకి,

నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. ఆవిడ నిజమైనా కల్పనైనా "కొత్తగా ఏం రాస్తుంది" అన్న మాట నా వీపు మీద చరిచినట్టయింది. అందుకని మార్చేశాను. ఇప్పుడు ముడులమ్మ అమాయకురాలు. పిల్లులకి పాలు పోస్తుంది, మూలికల టీ కాస్తుంది, బుగ్గలు ఎర్రగా ఉంటాయి, ఎవరికీ ఏ కీడూ తెలియదు. నర్సమ్మా ఆవిడా చివర్లో స్నేహితులవుతారు. ఆవిడకి చెప్పు, గౌరవంగానే రాస్తున్నానని.

మీ అన్నయ్యకి ఆపరేషన్ తప్పదన్నారు. మెడ దగ్గర కోసి నాళం శుభ్రం చేస్తారట. తేదీ ఇంకా ఇవ్వలేదు. ఈలోపల గడ్డ ఏదైనా కదిలి మెదడుకి చేరకుండా జాగ్రత్తగా ఉండాలని డాక్టరు చెప్పాడు. ఎలా జాగ్రత్తగా ఉండాలో చెప్పలేదు. నేను రాత్రిళ్ళు ఆయన ఊపిరి వింటూ పడుకుంటున్నాను. పగలు నవల రాస్తున్నాను. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

ఈ నవలకి ఇంకొక్క ముడి కావాలి. మూడోది లేకపోతే కథ కుంటుతుంది.

మీ వదిన

లాండ్రీ, మధ్యాహ్నం, షట్టరు సగం దించి

వదినకి,

ఆవిడకి చెప్పాను. పిల్లులంటే ఆవిడకి పడదట. ఎర్ర బుగ్గల సంగతి విని మొదటిసారి నవ్వడం చూశాను, పై పళ్ళలో ఒకటి లేదు. తర్వాత ఇలా అంది. "నన్ను చెడ్డదాన్ని చెయ్యొద్దు, మంచిదాన్నీ చెయ్యొద్దు. నేనొక పని చేస్తాను. ఆ పని రాయమను. చెప్పులు కుట్టేవాడి గురించి రాస్తే చెప్పుల గురించి రాయరూ?" ఏం పని అని అడిగాను. "నువ్వు ఇంకా అడుగుతున్నావా?" అని నా చేతులకేసి చూసింది. నాకు అర్థం కాలేదు.

ఇక నీ మూడో ముడి. కథ కోసమే రాస్తున్నాను, మన ఒప్పందం ప్రకారమే చదువు.

ఆ లాండ్రీ ఆవిడ ఇంటికి పొరుగూరి నుంచి చుట్టం ఒకాయన వచ్చి కొన్నాళ్ళు ఉండి వెళ్ళాడనుకో. ఆయన చొక్కా ఒకటి అక్కడే మిగిలిపోయింది. ఆవిడ దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, బీరువాలో పెట్టి తాళం వేసింది. దండెం మీద లేదు, పెరట్లో లేదు, గోడ మీంచి ఏ చేయీ అందదు. ఒకరోజు తీసి చూస్తే, మడత మడతలాగే ఉంది, చేతులు రెండూ మాత్రం ముడిపడి ఉన్నాయి.

నీ నర్సమ్మ అయితే ఆ లాండ్రీ ఆవిడకి ఏం చెబుతుంది? ముడులు విప్పమంటుందా, ఉంచమంటుందా? త్వరగా రాయి.

అన్నయ్యని బరువులు ఎత్తనివ్వకు.

పిట్ట

మేడమీది వంటిల్లు

పిట్టకి,

తాళం వేసిన బీరువా! నీ ముందు నేనెంత? దీన్ని ఎలా విప్పాలో నాకే తెలియదు, అయినా చదివేవాళ్ళు ఊపిరి బిగబట్టడం ఖాయం.

నువ్వడిగినదానికి జవాబు. విప్పమంటుంది, సందేహమేముంది. లాండ్రీ ఆవిడ ఆ చొక్కాని పట్టపగలు బల్ల మీద పరిచి, తన చేత్తో తనే విప్పాలి. పిరికితనానికి అదే మందు. ముడిలో ఏం లేదు, గుడ్డ తప్ప. విప్పిన మనిషే ఈ కథలో నిజమైన ధైర్యవంతురాలు.

ఆ పొరుగూరి ఆయన మాత్రం పోవాలమ్మా. ఆయన బతికితే మూడో ముడి వృథా. పాఠకులకి ఆయన మొహం కూడా తెలియదు కాబట్టి ఎవరూ పెద్దగా ఏడవరు. పొద్దున టీ గ్లాసు పట్టుకుని ఉండగా పోతాడు, హాయిగా.

ఆపరేషన్ వచ్చే వారం. మీ అన్నయ్య ఈ పూట హుషారుగా ఉన్నారు. నీ దగ్గర ఏదో చొక్కా మర్చిపోయానని నసుగుతున్నారు, నేను వినిపించుకోలేదు.

మీ వదిన

లాండ్రీ

వదినా,

అన్నయ్య ఎలా ఉన్నాడు? వేరే ఏం రాయకు, అదొక్కటే రాయి. ఈ కార్డు చేరిన వెంటనే రాయి.

పిట్ట

ఆసుపత్రి వరండా, బెంచీ మీద

పిట్టకి,

నీ కార్డు నాకు ఆసుపత్రికి తెచ్చి ఇచ్చారు. నీకెలా తెలిసిందో నాకు తెలియదు.

గురువారం పొద్దున టీ ఇచ్చాను. అందుకున్నారు. గ్లాసు నెమ్మదిగా పక్కకి వాలింది, టీ అంతా ఒళ్ళో పోసుకున్నారు. కాలలేదా అని అరిచాను. ఆయన తన కుడి చేతికేసి చూస్తున్నారు, అదెవరిదో అన్నట్టు. మాట ముద్దముద్దగా వచ్చింది. గడ్డ కదిలిందన్నారు. ప్రాణానికి ప్రమాదం దాటలేదు. కుడి చేయి కదలడం లేదు. వేళ్ళు నా చేతిలో పెట్టి నొక్కమంటే కళ్ళతో నొక్కుతున్నారు, వేళ్ళతో కాదు.

ఆపరేషన్ రేపే చేస్తారట. ఆగితే ఎడమవైపు కూడా పోవచ్చు, మొత్తానికే పోవచ్చునన్నారు.

పొరుగూరి మనిషి టీ గ్లాసు పట్టుకుని పోతాడని నేను రాశాను. ఆ ఉత్తరం వేసిన నాలుగు రోజులకే ఆయన చేతికి టీ గ్లాసు ఇచ్చాను. నాకు భయమేస్తోంది. మన ఒప్పందం నేను తెంపేస్తున్నాను. ఆ చొక్కా ఎవరిది? ఒక్క మాట రాయి.

మీ వదిన

లాండ్రీ వెనక వరండా

వదినకి,

అన్నయ్యదే.

నీలం గళ్ళ చొక్కా. నువ్వు అసలే బెంగతో ఉన్నావని అన్నయ్య పేరెత్తకుండా కథలా రాశాను. నేను చేసిన పాపం అదే. నిజంగా రాసి ఉంటే నువ్వు విప్పమని ఉండేదానివి కాదేమో. లేక "పిచ్చిదానా" అని తిట్టి అప్పుడూ విప్పమని ఉండేదానివేమో. నాకు తెలియదు.

నీ ఉత్తరం వచ్చిన పూటే బల్ల మీద పరిచాను. నువ్వు చదువుకున్నదానివి, నా మాట కంటే నీ మాట నమ్మడం నాకు అలవాటు. కుడి చేతి ముడి విప్పాను. బిగుసుకుపోయి ఉంది, గోరు విరిగింది. ఎడమదాని మీద చేయి వేసేసరికి షట్టరు చప్పుడైంది. తాళాలతను లోపలికొచ్చాడు, నుదుటికి కట్టుతో. కొండదారిలో బస్సు లోయలోకి దొర్లిందట, తను కూర్చున్న వరుసలో బతికింది తనొక్కడేనట. "నా ఖాకీ చొక్కా ఉందా?" అన్నాడు. కొక్కేనికి ఉంది, ముడులతో. అప్పుడు నా బుర్రకి తట్టింది. టీచరమ్మ విప్పుకుంది, పోయింది. ఇతని ముడులు ఎవరూ విప్పలేదు, బతికాడు. నేను ఎడమ ముడిని వదిలేసి, చొక్కా గుండెలకి అదుముకుని, చెప్పులు కూడా లేకుండా గోడ చుట్టూ పరిగెత్తాను.

ముడులమ్మ పగిలిన అద్దానికి అట్టముక్క అతికిస్తోంది. కాళ్ళ మీద పడబోతే పట్టుకుంది.

"టీచరమ్మ జాకెట్టుకి మీరే కట్టారా?"

"నేనే. అతని ఖాకీ చొక్కాకీ నేనే. గోడ మీంచి."

"ఎందుకు కట్టారు?"

"పోయేవాళ్ళని పట్టుకోవడానికి. మీరు ముడి చూస్తే ఉరే అనుకుంటారు. దూడని గుంజకి కట్టేది చంపడానికా? తప్పిపోకుండా ఉండటానికి కడతారు."

"టీచరమ్మకి ఆ మాట చెప్పి ఉండాల్సింది కదా."

"చెబితే ముందే విప్పుకునేది. నా మాట ఎవరు వింటారు ఈ వీధిలో? నొప్పి ఉన్నప్పుడు వింటారు, అంతే."

అన్నయ్య చొక్కా ఆవిడ చేతికిచ్చాను. మళ్ళీ కట్టమని బతిమాలాను. ఆవిడ మిగిలిన ఎడమ ముడిని కళ్ళద్దాలకి దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "ఇది నేను కట్టింది కాదు" అంది.

తాళం వేసిన బీరువాలో ముడిపడి ఉందని చెప్పాను.

"నాది పాత చేయి, ముడి చిన్నగా వస్తుంది. ఇది కొత్త చేయి. ఆ మనిషి మీద ప్రాణం పెట్టుకున్న చేయి. బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

నా మెడలో ఉంటుంది వదినా. రాత్రిపూట కూడా తియ్యను. ఆ రోజు బూడిదలో ఉన్న అడుగులు నా చెప్పులవే. ఎప్పుడు లేచానో, ఎందుకు వెళ్ళానో, బీరువా ఎప్పుడు తెరిచానో నాకేమీ తెలియదు.

"కట్టిందీ నువ్వే, విప్పిందీ నువ్వే" అంది ఆవిడ. తిట్టినట్టు అనలేదు. దెబ్బ తగిలిన పిల్ల తల నిమిరినట్టు అంది. "విప్పింది మళ్ళీ కట్టడం కుదరదు. ఉన్నది ఉంచు. అది ఆయన్ని పట్టుకునే ఉంటుంది."

చొక్కా ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. నువ్వు నన్ను తిట్టు. ఏం అన్నా పడతాను. ఆపరేషన్ ఎలా జరిగిందో మాత్రం రాయి.

పిట్ట

ఆసుపత్రి, మూడో అంతస్తు

పిట్టకి,

బతికారు.

అది ముందు రాశాను, మిగతావి నువ్వు నిదానంగా చదువుతావని. కత్తి పెట్టాక గుండె ఒకసారి ఆగి, మళ్ళీ కొట్టుకుందట. ఎందుకు కొట్టుకుందో సరిగ్గా చెప్పలేమన్నాడు పెద్ద డాక్టరు. కుడి చేయి రాదు. కొంత వస్తుందేమోనని మసాజు చేసే ఆవిడ అంటోంది, వచ్చినా కుంచె పట్టేంత రాదు. ఆయనకి తెలుసు. నిన్న ఎడమ చేత్తో నా చెంప తుడిచి, "ఇది కూడా పనికొస్తుంది చూడు" అన్నారు.

నీ ఉత్తరం మీద నాకు కోపం వచ్చింది. అబద్ధం చెప్పను. చించెయ్యబోయాను. నువ్వు దాచావనే కోపం, నేను "పోవాలమ్మా" అని నవ్వుతూ రాసినందుకు నా మీద నాకు అసహ్యం, రెండూ కలిసి ఒకరోజంతా అన్నం ముట్టలేదు. నిజమని తెలిస్తే జాలి పుడుతుందని ఒప్పందం పెట్టుకున్నదాన్ని నేనే. జాలి లేకుండా రాస్తే నా కలం ఎంత బాగా పరుగెత్తిందో చూశావుగా.

నేను ఇవన్నీ నమ్మను పిట్టా. నమ్మకం రావడం లేదు. గడ్డ కదలడానికి కారణం ఉంది, దాని పేరు డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చాడు కూడా. అయినా ఆ చొక్కా ఉతకకు. బీరువాలో పెట్టి, మీ అత్తగారిని కూడా దాని దగ్గరికి రానివ్వకు. ఎందుకని నన్ను అడగొద్దు.

నవల చించేశాను. మొదటిదీ ఎర్ర బుగ్గలదీ రెండూ. ముడులమ్మ గారికి చెప్పు, ఈసారి ఆవిడ పని ఏమిటో తెలుసుకుని రాస్తానని. వినడానికి ఆవిడ ఒప్పుకుంటేనే. హత్య ఉండదు. పబ్లిషరు వద్దనుకుంటే వద్దనుకోనీ.

మీ వదిన

లాండ్రీ వెనక వరండా, వానలు తగ్గాక

వదినకి,

అన్నయ్య ఎడమ చేత్తో రాసిన నాలుగు లైన్లూ అందాయి. అక్షరాలు తాగినవాళ్ళలా నడుస్తున్నాయి, అయినా చేరాల్సిన చోటికి చేరాయి. మా అత్తగారు చదివించుకుని విని, కళ్ళు తుడుచుకుని, "మా పిల్లాడు మొండివాడు" అంది. ఎప్పటినుంచి ఆవిడ పిల్లాడయ్యాడో మరి.

తాళాలతను ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు. ఆ ఖాకీ చొక్కా ముడులతోనే తన కొట్లో వేలాడదీశాడు. ముడులమ్మ కిటికీకి కొత్త అద్దం అతనే వేశాడు. రొట్టెల కొట్టువాడికి ఆవిడని చూస్తే ఇప్పుడు సరుకు దొరుకుతోంది. అవతలి వైపుకి దాటిపోవడం మాత్రం మానలేదు. కొంచెం నెమ్మదిగా దాటుతున్నారు, అంతే. ఆవిడకి అది చాలట. "మరీ దగ్గరికొచ్చినా నాకు విసుగే" అంది.

నువ్వు అడిగినవన్నీ ఆవిడ చెబుతోంది, నేను రాసి పంపుతున్నాను. చెప్పని వాటిని అడగడం లేదు. మధ్యాహ్నాలు ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుంటున్నాను. నేర్పదు, చూడనిస్తుంది. "ఇది ఇచ్చి పుచ్చుకునేది కాదు. వచ్చినవాళ్ళకి వస్తుంది. రాకపోతే అదృష్టవంతులు" అంటుంది. మా ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆయనకి చొక్కాలకి గంజి ఎక్కువైతేనే భయం.

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆపాను. రాయనా వద్దా అని.

మొన్న ఇస్త్రీ చేసిన బట్టలు మడతలు పెడుతున్నాను. పట్టపగలు, మెలకువగానే ఉన్నాను, అత్తగారితో కబుర్లు చెబుతున్నాను. ఆవిడ మాట మధ్యలో ఆగి నా చేతులకేసి చూసింది. నేనూ చూశాను. అప్పటికే మడతపెడుతున్న బట్టకి ఒక చేయి ముడిపడింది, రెండోది సగంలో ఉంది. నా వేళ్ళు ఆగలేదు, పూర్తిచేసే దాకా ఆగలేదు. అత్తగారు లేచి వెళ్ళి షట్టరు దించి వచ్చింది.

అది మనకి తెలిసిన మనిషిదే వదినా. ఒప్పందం తెగిపోయింది కాబట్టి ఈసారి కథలా రాయను. నువ్వు అడిగితే చెబుతాను. అడగకపోతే చెప్పను.

పిట్ట

మేడమీది వంటిల్లు

పిట్టకి,

నీ ఉత్తరం నేనొక్కదాన్నే చదివాను. మీ అన్నయ్యకి వినిపించలేదు. ఆయన పక్కగదిలో ఎడమ చేత్తో గీతలు గీసుకుంటున్నారు. కాగితాలు నేల మీద పడిపోతే నేనే ఏరి పెడుతున్నాను, వంగడానికి ఆయనకి ఇంకా కష్టం. పళ్ళెంలో అన్నం కలిపి పెట్టేదీ, బొత్తాలు పెట్టేదీ నేనే. ఇంకొకరు చేస్తే ఒప్పుకోరు.

క్రితం నెల ఒక్కపూటకి మీ ఇంటికి వచ్చి వెళ్ళినప్పుడు నా ఊదారంగు జాకెట్టు నీ దగ్గర ఉతకడానికి వేసి వచ్చాను. తిరిగి పంపమని రాద్దామనుకుంటూ ఉన్నాను. పంపకు.

ఎవరిదో నేను అడగను. డాక్టరు దగ్గరికి మాత్రం రేపే వెళతాను, దానికీ దీనికీ తగువేం లేదు. కొత్త నవల సగం కూడా కాలేదు. ఈ ఇంట్లో నేను చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది.

విప్పకు.

మీ వదిన